ఓటర్ల జాబితా, ఆసుపత్రి చిట్టా, మన పేర్లు

గత సంవత్సరం మా పట్టణంలో పదవ తరగతి, ఇంటర్మీడియెట్ పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకున్న ముస్లిం విద్యార్థులకు సన్మానం జరిగింది. ముఖ్య అతిథి ఒక కంప్యూటర్ సైన్సు అధ్యాపకులు. ఆయనను పరిచయం చేసిన మిత్రుడు, వారు ముప్పై ఎనిమిది పరిశోధనా పత్రాలు ప్రచురించారని చెప్పగానే సభ చప్పట్లతో మారుమ్రోగింది. నేనూ చప్పట్లు కొట్టాను. చివర ప్రశ్నలకు అవకాశమిచ్చినప్పుడు ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ ముప్పై ఎనిమిదిలో ఏముంది? వాటివల్ల ఎవరికైనా మేలు జరిగిందా?" అని అడిగింది. పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. అధ్యాపకులు మాత్రం నొచ్చుకోలేదు. "నిజం చెప్పాలంటే బేటీ, వాటిలో చాలావరకు పదోన్నతికి కావలసిన పాయింట్ల కోసం రాసినవే" అన్నారు.

ఆయనను తప్పుపట్టలేము. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నాటి నిబంధనలతో అధ్యాపకుల పనికి పాయింట్లు వేసే పద్ధతి వచ్చింది. ఎన్ని పత్రాలు, ఏ పత్రికలో, ఒక్కొక్కదానికి ఎన్ని పాయింట్లు అన్న పట్టిక నిండితేనే పైమెట్టు. దానితో రుసుము పుచ్చుకుని ఏది పంపినా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. విదేశాలలోనూ లెక్కల వ్యామోహం తక్కువేమీ కాదు. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొలత ప్రతిపాదించారు. ఒకరి పత్రాలలో పది, ఒక్కొక్కటి కనీసం పదిసార్లు ఇతరుల పత్రాలలో ఉదహరింపబడితే ఆయన సూచిక పది. నేడు ఉద్యోగాలకూ నిధులకూ బహుమతులకూ ఆ అంకెనే చూస్తున్నారు. మూడు దశాబ్దాలపాటు ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్టర్లు రాసిన అనుభవంతో నేనొకటి చెప్పగలను. గడి నింపడమే పనిగా మారిన చోట గడి నిండుతుంది, పని మిగిలిపోతుంది.

హదీసులను సేకరించిన మన పూర్వీకులు ఒక మాటను ఎంతమంది చెప్పారన్న లెక్కతోనే తృప్తిపడలేదు. చెప్పినవారు ఎవరు, ఎవరి నోట విన్నారు, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది, నడవడి ఎటువంటిది అని విచారించడానికి ఒక శాస్త్రాన్నే నిర్మించారు. అటువంటి వారసత్వమున్న మనం ముప్పై ఎనిమిది అన్న అంకెకు చప్పట్లు కొట్టి ఊరుకున్నాము. ఆ అమ్మాయి ప్రశ్నకు నా వంతు సమాధానంగా లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలి కృషిని పాఠకుల ముందుంచదలచాను. ఆమె ముస్లిం కాదు, భారతీయురాలూ కాదు. అమెరికాలో నల్లజాతి మహిళ. అయినా ఆమె రాసిన పత్రాలలో మన బస్తీల గురించి రాసినట్లే అనిపించే విషయాలున్నాయి.

ఆమె 1959లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో జన్మించారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరి, మధ్యలో చదువు వదిలి, సొంతంగా కంప్యూటర్ వ్యాపారం నడిపారు. తిరిగి చదువుకు వచ్చి హార్వర్డ్‌లో సాయంకాలపు తరగతుల విభాగం ద్వారా డిగ్రీ పూర్తిచేశారు. తరువాత పాత విద్యాసంస్థకే వెళ్ళి 2001లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ పొందారు. ఆ సంస్థలో ఆ విషయంలో డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే. చదువు మధ్యలో ఆగిపోయిన మన ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

విద్యార్థినిగా ఉన్నప్పుడే ఆమె చేసిన పని ఒకటి గోప్యతా శాస్త్రపు దిశనే మార్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ ఒకటి ఉంది. సుమారు 1,35,000 మంది ఉద్యోగుల, వారి కుటుంబసభ్యుల వైద్య వివరాలు దాని వద్ద ఉండేవి. పేర్లు, చిరునామాలు తొలగించాము కనుక ప్రమాదమేమీ లేదన్న ధీమాతో 1990వ దశకం మధ్యలో ఆ వివరాలను పరిశోధకులకు ఇచ్చింది, పరిశ్రమలకు అమ్మింది. పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్నది, తపాలా సంఖ్య మాత్రం అందులో మిగిలాయి. స్వీనీ కేంబ్రిడ్జి నగరపు ఓటర్ల జాబితాను ఇరవై డాలర్లకు కొన్నారు. రెండు ఫ్లాపీలలో వచ్చింది. అందులోనూ అవే మూడు వివరాలు, వాటి పక్కన పేర్లు ఉన్నాయి. రెండింటినీ జతపరిచారు. అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ ఆ నగరవాసి. ఆయన పుట్టిన రోజున పుట్టినవారు జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన తపాలా సంఖ్యలో ఉన్నది ఆయనొక్కరే. పేరులేని వైద్య చిట్టాలలో గవర్నరుగారి చిట్టా ఏదో తేలిపోయింది.

ఇందులో పెద్ద గణితం లేదు. ఏ తాళమూ పగలగొట్టలేదు. మన మండల కార్యాలయంలో రేషన్ రిజిస్టరు, పెన్షన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి వేలుతో వరుస చూసుకునే గుమాస్తా చేసే పనే. కానీ పేరు చెరిపేస్తే మనిషి కనపడడన్న ప్రభుత్వాల నమ్మకం ఆ పనితో కూలిపోయింది.

అక్కడితో ఆగక ఆమె, ఈ మూడు వివరాలతో ఎంతమందిని గుర్తుపట్టవచ్చునో 1990 జనాభా లెక్కల ఆధారంగా అంచనా వేశారు. అమెరికా ప్రజలలో 87 శాతమని తేలింది. 2000 సంవత్సరంలో వెలువడిన ఆ రచన నేటికీ ప్రపంచమంతటా ఉదహరింపబడుతున్నది. విచిత్రమేమిటంటే అది ఏ ప్రసిద్ధ పత్రికలోనూ వచ్చినది కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆమె పనిచేసిన చోట నుండి అంతర్గత పత్రంగా వెలువడినదే. మన పాయింట్ల పట్టికలో దానికి పడేది సున్నా. 2006లో ఫిలిప్ గోల్ అనే పరిశోధకుడు అదే లెక్కను తిరిగి వేసి, ఆ శాతం 63కు దగ్గరగా ఉంటుందని చూపారు. అంటే ఆమె అంకె తగ్గింది, ఆమె చెప్పిన ప్రమాదం తగ్గలేదు. ఒకరి లెక్కను మరొకరు సరిచూసి ప్రకటించడమే పరిశోధనలోని నిజాయితీ.

ప్రమాదాన్ని చూపి ఊరుకుంటే ఆమె పేరు ఇంతగా నిలిచేది కాదు. పియరంజెలా సమరాటితో కలిసి 1998లో మొదలుపెట్టి, 2002లో పూర్తిస్థాయి పత్రంగా ప్రచురించిన కె-అనానిమిటీ అనే పద్ధతి ఆమెకు శాశ్వతమైన పేరు తెచ్చింది. సారాంశం సులభమే. బయటకు ఇచ్చే ఏ జాబితాలోనైనా ప్రతి మనిషీ తనలాగే కనిపించే మరికొందరి మధ్య కలిసిపోయి ఉండాలి. పుట్టిన తేదీ బదులు సంవత్సరం ఇవ్వు, ఊరు బదులు జిల్లా ఇవ్వు, కనీసం ఐదుగురో పదిమందో ఒకే పోలికతో ఉండేటట్లు చూడు అన్నది దాని సూత్రం. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా తరంలో ఊళ్ళలో పుట్టినవారిలో ఎందరికో బడి రికార్డులో పుట్టిన తేదీ జూలై 1. బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరుగారు వేసిన తేదీ అది. స్వీనీ కంటే ముందే ఆ మహానుభావులు మమ్మల్ని ఒకే పోలికలో దాచిపెట్టారు!

ఆ పద్ధతిలోని లోపాలను తరువాతివారు ఎత్తిచూపారు. పదిమంది కలిసిపోయి ఉన్నా ఆ పదిమందికీ ఒకే రోగం ఉంటే, మనిషి ఎవరో తెలియకపోయినా రోగం తెలిసిపోతుంది కదా అని 2006లో కొందరు వేరొక పద్ధతి ప్రతిపాదించారు. వారిలో మొదటి పేరు అశ్విన్ మాచనవఝ్ఝల, ఇంటిపేరు మన తెలుగువారిది. అదే సంవత్సరం సింథియా డ్వర్క్, ఆమె సహచరులు మరింత కట్టుదిట్టమైన గణిత పద్ధతిని తెచ్చారు. 2020 అమెరికా జనాభా లెక్కల ప్రకటనలో దానినే వాడారు. అమెరికా వైద్య సమాచార గోప్యతా నిబంధనలపైనా స్వీనీ కృషి ప్రభావం పడింది. ఒక పత్రం విలువ తెలుసుకోవాలంటే దానిని ఖండించినవారు, సవరించినవారు ఏమి నిర్మించారో కూడా చూడాలి.

ఇక మన సంగతికి వస్తాను. పదిమందిలో ఒకరిని దాచితే చాలునన్నది గవర్నరుకు సరిపోవచ్చు. ఆ పదిమందీ ఒకే సముదాయమై, ఆ సముదాయమే లక్ష్యమైనప్పుడు ఏ ఇంట్లో ఎవరున్నారన్నది ఎవరికి కావాలి? వీధి తెలిస్తే చాలు. 2002 గుజరాత్ మారణకాండపై అదే సంవత్సరం ఏప్రిల్‌లో ప్రచురించిన నివేదికలో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ, దాడి చేసినవారి వద్ద ముస్లిం కుటుంబాల చిరునామాలు, ఆస్తుల వివరాలు కంప్యూటర్ ముద్రిత ప్రతులలో ఉన్నాయని పేర్కొన్నది. ఆ కాగితాలను తలచుకున్నప్పుడల్లా గుమాస్తాగా పనిచేసిన నా చేతులను చూసుకుంటాను. జాబితాలు తయారుచేసేది నావంటి చేతులే.

అది ఎక్కడో జరిగినది, మన వద్ద అటువంటిది రాదనుకునేవారికి 2018 ఏప్రిల్‌లో జరిగినది గుర్తుచేస్తాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూసే విధంగా ఉన్నాయని హైదరాబాదుకు చెందిన శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. మతాన్నిబట్టి, కులాన్నిబట్టి వెతికి, ఇల్లు ఎక్కడున్నదో కూడా తెలుసుకునే వీలు అందులో ఉండేదని పత్రికలు రాశాయి. ఎవరూ దురుద్దేశంతో పెట్టి ఉండరనే నేననుకుంటాను. పారదర్శకత పేరుతో పెట్టి ఉంటారు. కానీ దొంగకు తలుపు తెరిచినవాడి మనసు మంచిదైనా ఇల్లు పోయేది పోతుంది. కొడాలి ఏ విశ్వవిద్యాలయ ఆచార్యుడూ కాదు. ఆ పనికి ఏ పాయింట్లూ లేవు.

స్వీనీ పత్రాలలో నన్ను ఎక్కువగా కదిలించినది 2013 నాటిది. ఒకనాడు ఒక విలేఖరి ఎదుట ఆమె తన పేరును గూగుల్‌లో వెతికితే, లతాన్యా స్వీనీ అరెస్టు అయ్యారా అన్న అర్థం వచ్చే ప్రకటన కనిపించింది. నేరచరిత్రలు వెతికిపెడతామనే ఒక వ్యాపార సంస్థ ప్రకటన అది. రుసుము చెల్లించి చూశారు. తనపై ఏమీ లేదు. వేరొకరైతే కోపగించుకుని వదిలేసేవారు. ఆమె 2,184 పేర్లతో అదే పరీక్ష చేశారు. డెషాన్, డార్నెల్, జెర్మైన్ వంటి నల్లజాతి పేర్లకు అరెస్టును సూచించే ప్రకటన రావడం, జెఫ్రీ, జిల్, ఎమ్మా వంటి తెల్లజాతి పేర్లతో పోల్చితే 25 శాతం ఎక్కువని తేల్చారు. జాతినిబట్టి తాము ఏదీ చూపబోమని గూగుల్ వివరణ ఇచ్చింది. కారణమేమిటో తాను తేల్చలేదని స్వీనీ కూడా పత్రంలో స్పష్టంగా రాశారు. ప్రకటనదారు అలా కోరి ఉండవచ్చు, జనం ఏ ప్రకటనపై ఎక్కువ నొక్కుతారో దానినిబట్టి యంత్రమే నేర్చుకుని ఉండవచ్చు. సమాజపు దురభిప్రాయాన్ని యంత్రం అద్దంలా చూపడం ఆమె నిరూపించినది.

పేరునుబట్టి తలుపు మూసుకోవడం మనకు యంత్రం నేర్పిన సంగతి కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే రకమైన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. ముస్లిం పేరున్న అభ్యర్థికి పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేరున్నవారి కంటే చాలా తక్కువని తేలింది. నాడు ఆ దరఖాస్తును తీసి పక్కన పెట్టినది ఒక మనిషి. రేపు యంత్రం పక్కన పెడితే, ఎందుకని అడగడానికి ముఖం కూడా ఉండదు.

మన పేర్లకు మరొక చిక్కు ఉన్నది. అది నాకు బాగా తెలుసు, ఎందుకంటే కొంతవరకు నేనూ దానికి కారకుణ్ణే. ఉర్దూలో ఒక విధంగా పలికే పేరును తెలుగులో మరొక విధంగా రాసి, ఇంగ్లీషులో ఇంకొక విధంగా కుదించేవాళ్ళం. షేక్ ఎస్.కె. అయ్యేవాడు. ముహమ్మద్ ఎం.డి. అయ్యేవాడు, కొన్నిచోట్ల మహమ్మద్, మరికొన్నిచోట్ల మొహమ్మద్. బీబీ, బేగం, బీ ఏది ఇంటిపేరో ఏది గౌరవమో తెలియక గడిలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాసేవాళ్ళం. ఆ రిజిస్టర్లే ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కాయి. తెలంగాణ ప్రభుత్వపు సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల జాబితాలను పేర్లు, చిరునామాలతో జతపరిచి ఎవరు అనర్హులో సూచిస్తుంది. హైదరాబాదులో నోటి క్యాన్సరుతో బాధపడిన ఒక రిక్షా కార్మికుని కుటుంబం రేషన్ కోల్పోవడం 2024లో అల్ జజీరా కథనంలో వచ్చింది. ఆయన పేరును పోలిన పేరుగల మరొకరికి కారు ఉండటమే కారణం. స్వీనీ గవర్నరును కనుక్కున్నదీ జతపరచడంతోనే, ఈ పేదవాని కంచం లాగినదీ జతపరచడంతోనే. ఆమె జతపరిచి సరిచూసుకున్నారు. ఇక్కడ సరిచూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. తిరిగి పరిశీలించిన దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది.

ఓటు విషయమూ అంతే. 2017లో స్వీనీ మరి ఇద్దరితో కలిసి ప్రచురించిన పత్రంలో, 2016లో అమెరికాలోని 35 రాష్ట్రాలలోనూ రాజధాని ప్రాంతంలోనూ ఓటరు నమోదు వెబ్‌సైట్లలో ఇతరుల పేరుతో వివరాలు మార్చగల వీలున్నదని చూపారు. కావలసినదల్లా ఓటరు గురించి కొన్ని వ్యక్తిగత వివరాలు, అవి బజారులో దొరుకుతాయి. రెండేళ్ళు తిరగకముందే 2019 ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తొలగించమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షలలో వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో దరఖాస్తు వచ్చిందో వారే మాకు తెలియదన్నారు. పోలీసు కేసులు నమోదయ్యాయి.

ఇంత చెప్పిన తరువాత, మతం గడినే తీసేయమని అడుగుదామని మన సంఘంలో యువకులు కొందరు అంటున్నారు. నేను అంగీకరించను. లెక్కలే లేకపోతే 2006లో సచార్ కమిటీ మన వెనుకబాటును ఎలా చూపగలిగేది? తెలంగాణలో సుధీర్ కమిషన్ దేనిమీద ఆధారపడేది? బి.సి.-ఇ రిజర్వేషన్లపై న్యాయస్థానాలలో ఆధారాలడిగినప్పుడు ఏమి చూపుతాము? మనల్ని లెక్కించాలి, కానీ మన ఇంటి గుమ్మాన్ని చూపించకూడదు. ఈ రెండింటినీ ఎలా పొసగించాలన్నదే స్వీనీ జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. జిల్లాలో ఎంతమంది ముస్లిం పిల్లలు బడి మానేశారో ప్రకటించండి, వారి ఇళ్ళ గుర్తులు ప్రకటించకండి అని అడగడం మన హక్కు. పరుల ఇంట్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టరాదని, ఇతరుల గుట్టు వెతకరాదని బోధించిన ధర్మం మనది. ప్రజలు ప్రభుత్వానికి ఇచ్చిన వివరాలు అమానత్. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రభుత్వానికి విస్తారమైన మినహాయింపులిచ్చింది కనుక, ఆ అమానత్‌ను కాపాడమని పట్టుబట్టవలసినది మనమే. ఏ పథకపు జాబితానైనా బయటపెట్టేముందు దానిని మరొక జాబితాతో జతపరిస్తే ఏమి తేలుతుందో పరీక్షించాలని, కార్డు రద్దు చేసేముందు మనిషి వెళ్ళి తలుపు తట్టాలని మన సంఘాలు రెండు రాష్ట్రాలలోనూ అడగాలి.

మన సభలలో కంప్యూటరు ప్రస్తావన వస్తే వక్తలు బాగ్దాదు దాకా వెళతారు. తొమ్మిదవ శతాబ్దంలోనే అల్ కిందీ, అక్షరాలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టి రహస్య లిపిని ఛేదించే పద్ధతి చెప్పారని గర్వపడతారు. నిజమే. కానీ అక్కడినుండి నేరుగా ఈనాటి ఉద్యోగపు జీతం దగ్గరకు దూకుతారు. మధ్యలో ఎవరూ లేరా? మన పిల్లలు వేలమంది హైదరాబాదు, బెంగళూరు కంపెనీలలో ఉన్నారు. వారిలో పదిమందైనా మన భాషలో, మన పేర్లపై, మన జాబితాలపై ఇటువంటి పరీక్షలు చేసి రాయగలిగితే, అది అంతర్గత పత్రమైనా సరే, ఏ పాయింట్లూ రాకపోయినా సరే, మన సంఘాలు అచ్చు ఖర్చు భరించాలి.

సన్మాన సభలో ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నది. స్వీనీ 2013 పత్రాన్ని ముద్రింపించి ఆమెకు ఇచ్చాను. వారం తరువాత ఫోను చేసి, "తాతయ్యా, నా పేరుతో వెతికితే ఏమీ రాలేదు. నానీమా పేరుతో వెతికితే మాత్రం ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఆమె వయసు, వీధి, బ్యాంకు ఖాతాలో చివరి అంకెలు, మతం అన్నీ వచ్చాయి" అన్నది. ఇద్దరం కలిసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాము. ఏ ఉత్తర్వు ప్రకారం మతం గడిని బహిరంగంగా ఉంచారో తెలుపమని అడిగాము. ముప్పై రోజుల గడువు ఈ నెలాఖరుతో ముగుస్తుంది.